సామర్లకోట తోటలో రాక్సుబర్గు

ఫాల్గుణ మాసమున శంషాబాదు పొలిమేరలలో నడచువారికి ఒక వింత కానవచ్చును. ఆకులు రాలి ఎండుకట్టెవలె నిలిచిన మోదుగ చెట్టు, వాన చినుకైనను లేని ఆ దినములలో, నిలువెల్ల ఎఱ్ఱని పూవులు తాల్చును. 2008వ సంవత్సరమున ఇచ్చట విమానాశ్రయము వెలసిన నాటినుండి బాలుర చూపులు ఆకాశము మీదనే నిలుచుచున్నవి. చెట్టువంక చూచువారు అరుదు. అట్టి చెట్ల యెదుట నిలిచి, ఓపికతో చూచి, చూచినదానిని వ్రాసి, తెలుగునాట పండ్రెండేండ్లు గడపిన మహనీయుని చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది. ఆతడు విలియం రాక్సుబర్గు. భారతీయ వృక్షశాస్త్రమునకు పితయని ఆతనికి ప్రఖ్యాతి కలదు.

రాక్సుబర్గు 1751లో స్కాట్లండు దేశమున ఎయిర్‌షైరు మండలమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము చదువుచు, జాన్ హోప్ అను ఆచార్యునియొద్ద వృక్షశాస్త్రము నేర్చెను. ఆ కాలపు పండితులలో పెక్కురు మొక్కలకు పేర్లిడుటతో తృప్తినొందుచుండగా, హోప్ మొక్క యెట్లు పెరుగునో పరీక్షించినవాడు. కాండము వెలుతురు వైపునకు వంగుటయు, వేరు భూమిలోనికి దిగుటయు ఆయన పరిశోధించిన విషయములు. ఇట్టి గురువువలన శిష్యునకు కన్నులు తెఱువబడెను.

1776లో రాక్సుబర్గు ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయ వైద్యుడై చెన్నపట్టణము చేరెను. అచ్చట దినమునకు మూడుమార్లు గాలియొక్క ఒత్తిడిని, వేడిమిని కొలిచి వ్రాసికొనుట ఆతనికి నిత్యవ్రతమాయెను. 1781లో ఆతనిని గోదావరి సీమలోని సామర్లకోటకు పంపిరి. అక్కడ ఆతడు మిరియము, కాఫీ, మల్బరీ, సీమపనస మొదలగువానిని పెంచసాగెను. కంపెనీవారి దృష్టి లాభముమీద నుండెను. కాని మొక్క కంపెనీవారి యాజ్ఞకు లోబడి పెరుగునది కాదు. మిరియపు తీగకు ప్రాకుటకు ఆధారము, తలపై నీడ, మొదట తడి కావలెను. ఇవి లేనిచోట ఎంత ధనము పోసినను అది బ్రదుకదు. కావున మొక్కకేమి కావలెనో ముందు తెలిసికొనుట తోటవానికి మొదటి పాఠము.

ఆ పాఠమును ఆతడు గ్రంథములనుండియే గాక, ఈ నేలవారినుండియు నేర్చెను. చెట్ల తెలుగు పేర్లను, ఉపయోగములను అడిగి వ్రాసికొనెను. బెరడు జ్వరమును పోగొట్టునను సోమిద చెట్టును ఆతడు లోకమునకు వర్ణించి చూపెను. ఆ తెలుగు పేరే కొలది మార్పుతో నేడు ఆ చెట్టు శాస్త్రనామమున నిలిచియున్నది. దేశీయ చిత్రకారులను నియమించి, పూవును, కాయను, గింజను విడివిడిగా వ్రాయించెను.

ఇంతలో గొప్ప ఆపద వచ్చెను. 1787లో గోదావరి తీరమున తుపానుతో సముద్రము పొంగి ఊళ్లను ముంచగా, ఆతని పుస్తకములు, వ్రాతలు నీటిపాలాయెను. ఏండ్ల శ్రమ యొక దినమున పోయెను. అయినను ఆతడు మరలిపోలేదు. కొమ్మలు నఱికినను వేరు బ్రదికియున్న చెట్టు మఱల చిగిర్చినట్లు, మొదటినుండి పని నారంభించెను. 1789లో చెన్నపట్టణపు ప్రభుత్వమునకు వృక్షశాస్త్రజ్ఞుడుగా నియమింపబడెను.

నీటి తర్వాత నీరులేమి వచ్చెను. 1789 మొదలు 1792 వఱకు ఉత్తర సర్కారులలో ఘోరమైన కఱవు ఏర్పడి, అసంఖ్యాకులు ఆకలిచే మరణించిరి. వైద్యుడయ్యు ఆకలికి మందీయలేకపోయిన రాక్సుబర్గు ఆ మందును చెట్లయందు వెదకెను. కొబ్బరి, తాటి, ఈత, పనస, అరటి మొదలగువానిని విరివిగా నాటింపవలెనని ప్రభుత్వమునకు విన్నవించెను.

ఈ సలహాయందలి తత్త్వము గ్రహింపదగినది. వేరు నీటిని, అందు కరగిన లవణములను పీల్చి పైకి పంపును. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, పత్రహరితము సాయమున, సూర్యకాంతిలో ఆ నీటితో కలిపి చక్కెరను తయారుచేయును. పచ్చని ఆకులు వెలుతురులోనే ప్రాణవాయువును విడుచునని ఇంగెన్‌హౌస్ అను పండితుడు 1779లో, అనగా రాక్సుబర్గు మన దేశమునకు వచ్చిన మూడేండ్లకు, నిరూపించెను. ఖర్చుకాగా మిగిలిన ఆహారమును మొక్క పిండిపదార్థముగా దాచుకొనును. వరికి ఒక్క కారే ఆయువు. దాని వేళ్లు పైపై మట్టిలోనే యుండును. వాన తప్పిన అది మాడిపోవును. నిలిచిన చెట్టు ఏటేట నిలువచేసికొనిన ఆహారముతోను, విస్తరించిన వేళ్లతోను కొంతకాలము ఓర్చుకొనగలదు. మోదుగ ఆకులేని కాలమున పూయుటకును అట్లు దాచిన ఆహారమే ఆధారము. అయితే చెట్టు పెరుగుటకు ఏండ్లు పట్టును. కఱవు వచ్చిన పిమ్మట నాటిన చెట్టు ఆ కఱవునకు అక్కఱకు రాదు.

1793లో రాక్సుబర్గు కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియై వెడలెను. సామర్లకోటలో మొదలైన చిత్రముల పని అచ్చటను సాగి, వాని సంఖ్య 2,500 దాటెను. వానిలో 300 చిత్రములు కోరమాండలు తీరపు మొక్కలనుగూర్చిన మూడు సంపుటములలో 1795 మొదలు 1820 వఱకు లండనులో వెలువడెను. మన మోదుగయు, బీడీలకు ఆకునిచ్చు తునికియు అందున్నవి. తునికి శాస్త్రనామము చివర నేటికిని ఆతని పేరు సంక్షిప్తముగా వ్రాయబడును.

శ్రీరామపురపు మిషనరీ విలియం కేరీ ఆతనికి ఆప్తమిత్రుడు. ఆరోగ్యము చెడి 1813లో రాక్సుబర్గు భారతదేశమును విడిచెను. దారిలో సెయింట్ హెలీనా దీవిలో దిగినప్పుడును ఆతడు అచ్చటి మొక్కల పట్టికను వ్రాయక మానలేదు. 1814లో కేరీ ఆతని కలకత్తా తోటలోని మొక్కల పట్టికను ప్రకటించెను. 1815లో రాక్సుబర్గు ఎడింబరోలో కన్నుమూసెను. తన మహాగ్రంథమైన ఫ్లోరా ఇండికాను అచ్చులో చూచు భాగ్యము ఆతనికి కలుగలేదు. మిత్రుని శ్రమ వ్యర్థము కారాదని కేరీ దానిని అచ్చువేయించి, 1832లో మూడు సంపుటములను పూర్తిగా వెలువరించెను.

విద్యార్థులారా! చిత్రములు వ్రాసిన చేతులు మనవారివి. చెట్ల పేర్లు చెప్పిన నోళ్లు మనవారివి. వారి నామములలో పెక్కు చరిత్రలో నిలువలేదు. ఆ ఋణము తీర్చుకొను మార్గమొకటి కలదు. ఒక చిక్కుడు గింజను తడిమట్టిలో నాటి, మొదట వేరు వచ్చునో మొలక వచ్చునో చూడుడు. దినదినము కొలిచి, తేదీతో వ్రాసియుంచుడు. ఆ కాగితము పోయినచో విచారింపక మఱియొక గింజను నాటుడు. రాక్సుబర్గు చేసినదియు అంతియే.