మంజీరను పొలాలకు మళ్లించిన ఇంజినీర్

జులై 11 తెలంగాణ ఇంజినీర్స్ డే. ఎవరి పుట్టినరోజని అడిగితే మనలో చాలామంది తడబడతాం. ఆయన నవాబ్ అలీ నవాజ్ జంగ్. 1877లో హైదరాబాద్‌లో పుట్టారు, అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. సర్కారు స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ కాలేజీలో చదివొచ్చి, 1918లో చీఫ్ ఇంజినీర్ అయ్యారు.

1908 మూసీ వరద తర్వాత నగరం కోసం కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లలో ఆయన పాత్ర పెద్దది. ఇందూరు వాళ్లకైతే ఆయనంటే నిజాంసాగరే. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు! చెరుకు ఇంచుమించు ఏడాదంతా తడి అడిగే పంట, వాన మీదే ఆధారపడితే నడవదు. కాల్వ నీళ్లొచ్చాయి కాబట్టే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టగలిగారు.

1949లో ఆయన కన్నుమూశారు. తర్వాత హైదరాబాద్ పెరిగింది, జంట జలాశయాలు చాల్లేదు. ఎగువన సింగూరు కట్టి మంజీర నీళ్లు రాజధానికి పట్టుకెళ్లారు. వానలు తగ్గిన ఏడాది నిజాంసాగర్ కాల్వ చివరి రైతుకు ఎదురుచూపే మిగిలేది. ఆయన హయాంలో నగరానికి మూసీ, పొలాలకు మంజీర.