నీలిరంగుతో భాస్వరాన్ని కొలిచిన సుబ్బారావు

కణజాలంలో జింకు, రాగి లాంటి ఖనిజాలు రవ్వంత ఉన్నా ఇప్పుడు లేజర్ కాంతితో పట్టేస్తున్నారు. లేజర్ లేని రోజుల్లో మనవారు యల్లాప్రగడ సుబ్బారావు భాస్వరాన్ని రంగుతో కొలిచారు.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కారు. పిల్లల మార్కులు చూసి మనం బెంగపడినప్పుడు ఇది గుర్తుకు రావాలి. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడికి కోపం వచ్చి, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు.

అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో తమ పద్ధతిని ప్రకటించారు. రక్తం, కండరాల నుంచి తీసిన ద్రవంలో ఆమ్లం, మాలిబ్డేట్, మరో రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. తెలిసిన మోతాదున్న ద్రవంతో పోల్చి లెక్క తేలుస్తారు.

అయితే కండరాల ద్రవంలో నీలం ఒక్కసారిగా రాలేదు, నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. ఇంకొకరైతే పరీక్ష చెడిందని పారబోసేవారేమో. వీరు మాత్రం ఏదో పదార్థం విడిపోతూ భాస్వరాన్ని వదులుతోందని గ్రహించారు. అదే 1927లో వెల్లడించిన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో కండరానికి శక్తినిచ్చే ఏటీపీని చూపారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు.

సుబ్బారావు 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. ఆ నీలిరంగు పరీక్షకు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరు నిలిచింది.