రఘుపతి వెంకయ్య నాయుడుగారు

బాల్యమున పెద్దల చేయి పట్టుకొని చిత్రశాలకు పోయిన దినమును వృద్ధులైనవారును మఱువజాలరు. టిక్కెట్టు దొరకునో లేదో యను దిగులు, నేలతరగతిలో ఇసుకను గుట్టగా జేసికొని కూర్చుండిన వైభవము, మఱునాడు తోడి బాలురకు కథ జెప్పుటలోని గర్వము తెలుగునాట ననేకుల కనుభవైకవేద్యములు. ఈ యానందమును మనకు సమకూర్చుటకై సర్వస్వము నొడ్డిన మహనీయులు రఘుపతి వెంకయ్య నాయుడుగారు.

వీరు 1869వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. 17 ఏండ్ల ప్రాయమున మద్రాసు చేరి, ఛాయాచిత్రకళ నభ్యసించి, మౌంటురోడ్డున స్టూడియో నెలకొల్పి పేరు గడించిరి. సుఖజీవనమునకు లోటులేదు. అయినను కదలెడు బొమ్మలపై వారి మనస్సు లగ్నమయ్యెను. 1910 ప్రాంతమున స్టూడియోను తాకట్టుపెట్టి, 30,000 రూపాయలతో క్రోనోమెగాఫోను అను యంత్రమును కొనిరి. తెఱపై బొమ్మ కదలుచుండగా, దానికి తగిన పాటను గ్రామఫోను పలకనుండి వినిపించుట దీని ప్రత్యేకత. బొమ్మయు ధ్వనియు నేకకాలమున సాగినగాని రక్తి కట్టదు. తొలుత మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలునందు ప్రదర్శనలు జరిగెను.

ఆ కాలమున చిత్రశాలలు మిక్కిలి యరుదు. అందుచే నాయుడుగారు డేరా వేసి జనులకు బొమ్మలు చూపిరి. యంత్రముతో ఆంధ్రదేశపు పట్టణములు, బెంగుళూరు తిరిగి, సముద్రము దాటి సింహళమునకును బర్మాకును పోయిరి. తరువాత మద్రాసున గేయిటీ చిత్రశాలను కట్టించిరి. ఆ నగరమున భారతీయుని సొత్తైన ప్రథమ చిత్రశాల యదియే. పిమ్మట క్రౌను, గ్లోబు అను శాలలును వెలసెను. డేరా వచ్చువఱకు వేచియుండవలసిన పిల్లలకు ఇక చిత్రము నిత్యోత్సవమయ్యెను.

పరదేశచిత్రములను చూపుటతో వారికి తృప్తి కలుగలేదు. మన కథలు మనవారే తీయవలయునని తలచి, కుమారుడు ప్రకాశుగారిని విదేశములకు పంపి విద్య నేర్పించిరి. తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్టు సంస్థను స్థాపించి, 1921లో భీష్మప్రతిజ్ఞ యను మూకీచిత్రమును నిర్మించిరి. భీష్మపాత్రను ప్రకాశుగారే ధరించిరి.

అయితే చిత్రనిర్మాణము ధనమును మ్రింగెడు వ్యాపారము. అప్పులు పెరిగెను. కష్టార్జితములైన చిత్రశాలలు చేజారెను. వేలమందికి వినోదము పంచిన యా పెద్దలు తమ తుదిదినములను లేమిలో గడిపి, 1941 మార్చి 15న మద్రాసున దివంగతులైరి.

1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వీరి పేర పురస్కారము నెలకొల్పెను. గేయిటీ భవనము నేడు లేదు. తెలుగు చిత్రపరిశ్రమయు మద్రాసు వీడి హైదరాబాదు చేరినది. జూబిలీహిల్సు, ఫిలింనగరు ప్రాంతములలో నేడు వేలాది కుటుంబములు ఆ వృత్తినే నమ్ముకొని జీవించుచున్నవి. వీరందఱకును మూలపురుషు డాయనయే.

పదిమందికి పనికివచ్చు సంస్థను నష్టమున కోర్చి నిలుపుట యెంత కష్టమో గ్రంథాలయమును పోషించినవా రెఱుగుదురు. కావున నట్టి త్యాగశీలుని జీవితమును మన పిల్లలకు తెలియజెప్పుట పెద్దల విధి.