కమ్మరి కుమారుడు మైకేల్ ఫారడే

మన అరకులోయలోను, చుట్టునున్న మన్యపు గ్రామములలోను వడ్రంగము ఇప్పుడు మునుపటి రీతిగా లేదు. కాఫీతోటలలో నీడకై పెంచిన సిల్వర్ ఓక్ మ్రానులను పలకలుగా కోయుటకు విద్యుత్ రంపములును, తలుపులు నునుపు చేయుటకు విద్యుత్ చిత్రికలును, రంధ్రములు వేయుటకు విద్యుత్ బరమాలును వచ్చినవి. గడచిన వానకాలమున, మాయొద్ద చదివి వెళ్ళిన యొక బాలుడు కుడిచేతికి కట్టుతో మమ్ము చూడవచ్చెను. రంపపు పంటిచక్రముపై నుండు కప్పు పనికి అడ్డముగా నున్నదని తీసివేసి పలక కోయబోగా రెండు వ్రేళ్ళు పోయినవట. ఆ దినము మొదలు, ఈ యంత్రములకు మూలపురుషుడైన మహనీయుని చరిత్రను మన విద్యార్థులకు చెప్పవలెనని మేము తలచుచుంటిమి. ఏలయన ఆయన శక్తిని కనుగొనుటయే కాక, శక్తియెదుట ఎట్లు మెలగవలెనో తన దేహమున గాయపడి నేర్చుకొనెను.

మైకేల్ ఫారడే 1791 వ సంవత్సరము సెప్టెంబరు 22 వ తేదీని లండను నగరము చెంత న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్స్ కమ్మరి, తరచు రోగపీడితుడు. కుటుంబము మిక్కిలి బీదది. చదువుట, వ్రాయుట, కొలది లెక్కలు తప్ప బాలుడు బడిలో నేర్చినది లేదు. 1804 లో రీబో అను పుస్తకవిక్రేతకడ పనికుర్రవాడుగా చేరి, మరుసటియేట అచ్చటనే పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుటకై యేడేండ్లకు కుదిరెను. తన చేతికి వచ్చిన పుస్తకములను కట్టుటతో నూరకుండక చదువజొచ్చెను. విజ్ఞానసర్వస్వమున విద్యుత్తును గూర్చిన వ్యాసము ఆయన మనస్సును హరించెను.

1812 లో రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు హంఫ్రీ డేవీ పండితుని యుపన్యాసములను వినుభాగ్యము కలిగెను. విన్నదంతయు పటములతో సహా శ్రద్ధగా వ్రాసి, తానే అట్టకట్టి డేవీకి పంపెను. ఆ సంవత్సరాంతమున డేవీకి ప్రయోగము చేయుచుండగా ప్రేలుడు సంభవించి కంటికి దెబ్బ తగిలెను. 1813 మార్చిలో ఫారడే ఆయనకు సహాయకుడుగా నియమింపబడెను.

పనిలో చేరిన కొలది వారములకే ఆ ప్రేలుడు పదార్థముతోనే పనిచేయుచుండగా ఫారడే చేతిలోని గాజుగొట్టము పగిలెను. ఒక గోరు కొంత చీలిపోయెను, వ్రేళ్ళు గాయపడెను. గాజుముక్కలు ముఖముమీదికి ఎగసి వచ్చినవి గాని, ఆయన గాజుతొడుగు ధరించియుండుటచేత అవి దానినే కోసినవి. ఆ తొడుగు లేనియెడల ఆ కన్నులు ఏమైయుండునో, లోకము ఏమి పోగొట్టుకొనియుండునో యోచింపుడు. రంపము నడుపువాడు కండ్లద్దములు ధరింపవలెనని మేము మాటిమాటికి చెప్పుట ఇందుకే.

1821 లో ఫారడే పాదరసముగల పాత్రలో అయస్కాంతమును నిలిపి, దానిచుట్టు విద్యుత్ప్రవాహముగల తీగ తిరుగునట్లు చేసెను. మోటారునకు అదియే మొలక. 1831 ఆగస్టు 29 వ తేదీని ఇనుపకడియమునకు రెండు తీగచుట్లు చుట్టి, ఒకదాని ప్రవాహము పుట్టినప్పుడును ఆగినప్పుడును రెండవదానిలో క్షణకాలము ప్రవాహము పుట్టుట కనుగొనెను. ఆ యేటనే అయస్కాంతముయెదుట రాగిచక్రమును త్రిప్పి ఎడతెగని విద్యుత్తును పుట్టించెను. మన కొండలకు చేరువనున్న మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము 1955 లో ప్రారంభమయ్యెను. నీటివేగముచేత యంత్రము తిరిగి విద్యుత్తు పుట్టుట ఈ సూత్రముచేతనే.

1836 లో ఆయన పండ్రెండడుగుల పెట్టెయొకటి కట్టించి, దానికి లోహపుతొడుగు వేయించి, బలముగా విద్యుత్తు నెక్కించి తానే లోపలికి పోయెను. వెలుపల నిప్పురవ్వలు రాలుచున్నను లోపల విద్యుత్తు జాడయే కానరాలేదు. ఆవేశము లోహపు వెలితలముననే నిలుచునని తేలెను. మన పనిముట్లయందు స్థితి తలక్రిందులు: విద్యుత్తు లోపల, మన చేయి వెలుపలి లోహముపైన. లోపలి తీగ తొడుగు చెడి లోహమును తాకినచో చేయి ప్రమాదమున పడును. అందుచేతనే ఆ లోహమును ఎర్తు తీగతో భూమికి కలుపుదురు. అప్పుడు ప్రవాహము ఆ దారిని పోయి ఫ్యూజు తెగును. మూడుపుల్లల ప్లగ్గునుండి మూడవ పుల్లను విరిచివేయుట ప్రాణమును అమ్ముకొనుటయే.

1844 లో హాస్వెల్ బొగ్గుగనిలో ప్రేలుడు జరిగి 95 మంది మరణించిరి. ఫారడేయు, లయల్ అను భూగర్భశాస్త్రవేత్తయు విచారణకు పంపబడిరి. గనిలో గాలివేగము కొలుచుటకు తుపాకిమందును చిటికెడు మండించుట చూచి, ఆ మందును ఎచ్చట నుంచుదురని ఫారడే యడిగెను. తాను కూర్చున్న సంచియే అదియని తెలిసి, దిగ్గున లేచి వారి యజాగ్రత్తను గట్టిగా మందలించెనట. గాలిలో లేచిన బొగ్గుధూళియు మంటను పెంచినదని ఆ విచారణకర్తలు తెలిపిరి. రంపపుపొట్టును మోటారుచుట్టు పేరుకొననిచ్చువారు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక.

ఫారడే చిన్న క్రైస్తవసంఘములో పెద్దగా నుండి నిరాడంబరముగా జీవించెను. సర్ బిరుదమును, రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని నిరాకరించెను. 1867 ఆగస్టు 25 వ తేదీని హాంప్టన్ కోర్టునందు పరమపదించెను.

విద్యార్థులారా, మీలో పలువురు రేపు ఈ పనిముట్లతోనే కుటుంబములను పోషింతురు. పంటిచక్రమును మార్చుటకు ముందు ప్లగ్గును ఊడదీయుడు. కప్పును తీయకుడు. చిన్నముక్కను చేతితో గాక కొయ్యపుల్లతో నెట్టుడు. తిరుగు చక్రము చెంతకు వ్రేలాడు వస్త్రములతోను, చేతితొడుగులతోను పోకుడు. అవి చిక్కుకొని చేతిని లాగికొనును. వానలో తడిసిన చేతులతో స్విచ్చును తాకకుడు. ఇవి పిరికితనము కావు. కమ్మరి కుమారుడు గాయపడి నేర్చిన వివేకము. మేము చెప్పిన ఆ బాలుడు ఇప్పుడు ఎడమచేతితో వ్రాయ నేర్చుకొనుచున్నాడు. మరియొకరికి ఆ పాఠము అట్లు నేర్పవలసిన అవసరము రాకుండుగాక.