సహస్రముఖుడు లాన్ చేనీ

2014 నవంబరులో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఒక పాత సినిమా పోస్టరు వేలానికి వచ్చింది. 27 అంగుళాల వెడల్పు, 41 అంగుళాల పొడవు గల ఆ కాగితం 4,78,000 డాలర్లకు అమ్ముడుపోయింది. అంతవరకు బహిరంగ వేలంలో ఏ సినిమా పోస్టరుకూ అంతటి వెల పలకలేదు. అది 1927లో విడుదలైన లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్ అనే మూకీ చిత్రానికి సంబంధించినది. ఆ పరిమాణంలో దానికి రెండవ ప్రతి ఎక్కడా ఉన్నట్లు తెలియరాలేదు. అంతకంటె విచిత్రమైన సంగతి ఏమంటే, ఆ చిత్రమే నేడు లోకంలో లేదు. అది ఎటువంటిదో చెప్పడానికి కొన్ని నిశ్చల ఛాయాచిత్రాలు, కథా ప్రతి, ఇటువంటి ప్రచార పత్రాలు మాత్రమే మిగిలాయి. ఆ చిత్ర కథానాయకుడు లాన్ చేనీ. ప్రేక్షకులు ఆయనను వేయి ముఖాల మనిషి అని పిలుచుకున్నారు.

చేనీ 1883 ఏప్రిల్ 1వ తేదీన కొలరాడో రాష్ట్రంలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో జన్మించాడు. లియొనిడస్ ఫ్రాంక్ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు. తండ్రి ఫ్రాంక్ క్షురకవృత్తిలో ఉండేవాడు. తల్లి ఎమ్మా తండ్రియైన జొనాథన్ కెన్నెడీ ఆ ప్రాంతంలో బధిర విద్యార్థుల కొరకు 1874లో పాఠశాలను నెలకొల్పిన పుణ్యాత్ముడు. చేనీ తల్లి, తండ్రి ఇద్దరూ బధిరులే. ఆ ఇంట మాట వినబడదు. చేతివేళ్లే నాలుక, కనుబొమలే స్వరం. మనమంతా ఉగ్గుపాలతో మాటలు నేర్చుకుంటే ఆ బాలుడు ఉగ్గుపాలతో అభినయం నేర్చుకున్నాడు.

చేనీ నాలుగవ తరగతి చదువుతుండగా తల్లికి కీళ్లవాతం ముదిరి మంచం పట్టింది. ఆమెకు సపర్యలు చేయడానికై అతడు బడి మానివేశాడు. మరల బడిలో కూర్చుని చదువుకునే భాగ్యం అతనికి కలుగలేదు. అయితే మంచం మీది తల్లికి బయటి ప్రపంచాన్ని తెచ్చి చూపవలసిన బాధ్యత అతనిపై పడింది. అంగడిలో ఎవరు ఎవరితో కలహించారు, పొరుగింటి ముసలాయన ఎట్లా కుంటుతూ నడిచాడు, చర్చిలో పాదిరి ఎట్లా ముఖం పెట్టాడు, ఇవన్నీ అతడు ప్రతిదినం తల్లి ఎదుట నటించి చూపేవాడు. ఆమె నవ్వితే ఆనాటి ప్రదర్శన విజయవంతమైనట్లే. ఆయన జీవితంలో తదుపరి వచ్చిన కీర్తి అంతటికీ ఆ గదే పునాది అని నా అభిప్రాయం. నటనాశాస్త్ర గ్రంథాలు ఎన్ని చదివినా వినికిడి లేని ప్రేక్షకురాలికి కథ చెప్పడంలోని సాధన లభించదు.

అన్న జాన్ పట్టణంలోని నాటకశాలలో పనిచేసేవాడు. చేనీ కూడ అక్కడే సామగ్రి అందించే కుర్రవానిగా చేరి, 1902లో తొలిసారి రంగస్థలం మీద కాలు మోపాడు. ఆపైన పది సంవత్సరాలు ఊరూరా తిరిగే సంగీత నాటక సమాజాలతో గడిచాయి. నాట్యం, హాస్యం, తెరల పని, దుస్తుల పని అన్నీ చేశాడు. 1905లో క్లీవా క్రైటన్ అనే యువ గాయనిని వివాహమాడాడు. మరుసటి సంవత్సరం ఓక్లహామా సిటీలో కుమారుడు క్రైటన్ పుట్టాడు.

ఆ దాంపత్యం సుఖంగా సాగలేదు. 1913 ఏప్రిల్ 30వ తేదీన లాస్ ఏంజెలిస్‌లో, చేనీ నిర్వాహకుడుగా ఉన్న నాటకశాలలోనే, క్లీవా విషం తాగింది. ప్రాణం నిలిచింది, కాని పాటకు ఆధారమైన కంఠం శాశ్వతంగా చెడిపోయింది. తప్పు ఎవరిదో నిర్ణయించడం మన పని కాదు. భార్యాభర్తలు విడిపోయారు. ఆ అపఖ్యాతి వలన చేనీకి నాటకరంగంలో తలుపులు మూసుకుపోయాయి. ఆ రోజులలో నాటక నటులు చిన్నచూపు చూసే సినిమాల వైపు ఆయన విధిలేక నడిచాడు. 1915లో హేజెల్ హేస్టింగ్స్‌ను ద్వితీయ వివాహం చేసుకున్నాడు. ఆమె చివరివరకు తోడుగా నిలిచింది.

యూనివర్సల్ సంస్థలో ఆయన చేరిన కాలంలో చిన్న వేషాలకు నటులను ఏ రోజుకు ఆ రోజు ఎంపిక చేసేవారు. చేనీ తన పెట్టెలో రంగులు, గడ్డాలు, మీసాలు, మైనం పెట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. చైనా వాడు కావాలంటే చైనా వాడు, ముసలివాడు కావాలంటే ముసలివాడు. ఇట్లా ఐదేళ్లలో వందకు పైగా చిత్రాలలో కనిపించాడు. జీతం పెంచమని అడిగినపుడు వారానికి వంద డాలర్లకు మించిన విలువ నీకు ఎన్నటికీ రాదని స్టూడియో అధికారి ఒకరు తేల్చి చెప్పాడట. చేనీ ఆ కొలువు వదలి కొంతకాలం పని లేక ఇబ్బంది పడ్డాడు. 1919లో ది మిరకిల్ మాన్ చిత్రంలో, అవయవాలు వంకరపోయిన వికలాంగునిగా నటించే మోసగాని వేషం దొరికింది. మహిమాన్వితుడైన వృద్ధుని ఎదుట అతని కాళ్లు చేతులు ఒక్కొక్కటిగా విచ్చుకుని నిలబడే దృశ్యం ఆయనను ఒక్కసారిగా ప్రఖ్యాతుని చేసింది. ఆ చిత్రం కూడ నేడు పూర్తిగా లేదు. కొద్ది నిమిషాల తునకలు మాత్రం మిగిలి, అదృష్టవశాత్తు వాటిలో ఆ దృశ్యం ఉన్నది.

1920లో వచ్చిన ది పెనాల్టీలో ఆయన రెండు కాళ్లూ లేని దొంగల నాయకుడు. ఇందుకోసం మోకాళ్లను వెనుకకు మడిచి పట్టీలతో బిగించి కట్టుకుని, తోలు తొడుగులలో మోకాళ్లు ఉంచి వాటిపై నడిచాడు. ఆ కట్టు కొద్ది నిమిషాలకు మించి భరించరానిది. 1923లో విక్టర్ హ్యూగో నవల ఆధారంగా తీసిన హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్‌లో గూనివాడైన క్వాసిమోడో పాత్ర ధరించాడు. ఆ గూని బరువు డెబ్బయి పౌన్లని ప్రచారకులు వ్రాశారు. అసలు బరువు అంతకు చాల తక్కువని తరువాతి పరిశోధకులు తేల్చారు. నిజానికి ఆ ప్రచారం ఆయనకు అపకారమే చేసింది. ప్రేక్షకులను కదిలించింది మూపుమీది సున్నపు ముద్ద కాదు. క్వాసిమోడో గంటల మోతకు చెవులు పోగొట్టుకున్న బధిరుడు. ఆ పాత్రలోకి చేనీ ఎవరి చేతులను, ఎవరి చూపులను తెచ్చుకున్నాడో వేరుగా చెప్పనక్కరలేదు.

1925లో ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా వచ్చింది. నాటకశాల నేలమాళిగలలో ముసుగు ధరించి జీవించే కురూపి కథ ఇది. ముక్కుపుటాలను పైకి లాగి, కళ్లచుట్టూ నల్లని రంగు పూసి, పళ్లు బయటపెట్టి ఆయన తన ముఖాన్ని పుర్రెవలె మార్చుకున్నాడు. నాయిక వెనుకనుండి వచ్చి ముసుగు లాగిన క్షణంలోనే ఆ ముఖాన్ని ప్రేక్షకులు చూడాలి. అందుకని విడుదలకు ముందు ఆ ముఖపు ఛాయాచిత్రాలను పత్రికలకు ఇవ్వకుండా సంస్థ దాచింది. ప్రచారమంతా నడిపించవలసిన ముఖాన్నే చూపరాదంటే ప్రచారశాఖ వారు పడిన తిప్పలు ఊహించుకోవచ్చు!

ఇన్ని వేషాలకూ రూపశిల్పి వేరొకరు లేరు. అద్దం ముందు కూర్చుని గంటలకొలది ఆయనే శ్రమించేవాడు. బడి చదువు మధ్యలో ఆగిపోయిన ఈ మనిషి చేత ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా 1929 ముద్రణకు చలనచిత్ర రూపాలంకరణ గురించి వ్యాసం వ్రాయించుకున్నది. ఆయన అలంకరణ పెట్టె నేడు లాస్ ఏంజెలిస్‌లోని ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది.

1924లో ఏర్పడిన మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ తన మొట్టమొదటి స్వంత నిర్మాణంలో చేనీనే నాయకునిగా తీసుకున్నది. అక్కడ దర్శకుడు టాడ్ బ్రౌనింగ్‌తో ఆయన జోడీ కుదిరింది. ఇద్దరూ కలిసి మొత్తం పది చిత్రాలు చేశారు. వాటిలో లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్ అన్నింటికంటె ఎక్కువ ధనం ఆర్జించింది. ఒక పెద్దమనిషి అనుమానాస్పద మరణం, ఐదేళ్ల తరువాత పాడుపడిన ఆ భవనంలో పొడుగాటి టోపీ, కోరపళ్లు గల రక్తపిశాచి సంచారం, చివరకు హంతకుని పట్టడానికి పోలీసు అధికారి పన్నిన పన్నాగమే ఆ పిశాచమని బయటపడటం ఇందలి ఇతివృత్తం. అధికారి, పిశాచం రెండూ చేనీయే. ఛాయాచిత్రాలలో ఆ కళ్లు, ఆ నవ్వు చూసినవారు నేటికీ తడబడతారు. ఆనాటి విమర్శకులలో పలువురు మాత్రం కథ పొందికగా లేదన్నారు. ఆ మాటలోని నిజానిజాలు తేల్చుకునే అవకాశం మనకు లేదు.

మాటల చిత్రాలు వచ్చినపుడు చేనీ చాలకాలం వెనుకాడాడు. చివరకు 1930లో తన పాత మూకీ చిత్రం ది అన్‌హోలీ త్రీని మాటలతో మరల తీయడానికి ఒప్పుకుని, అందులో ముసలవ్వ, చిలుక, ఆటబొమ్మ మొదలైన వేర్వేరు గొంతులు తానే పలికాడు. అవన్నీ తన కంఠమేనని ప్రమాణపత్రం మీద సంతకం కూడ చేశాడు. వేయి ముఖాలవాడు వేయి గొంతులవాడు కాబోతున్నాడని అభిమానులు సంబరపడ్డారు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను కబళిస్తున్నది. గొంతులో రక్తస్రావం మొదలై మాట పడిపోయింది. చివరి దినాలలో బాల్యంలో తల్లిదండ్రులతో మాట్లాడిన సంజ్ఞల భాషలోనే తనవారితో మాట్లాడాడని చెబుతారు. 1930 ఆగస్టు 26వ తేదీన, 47 ఏళ్ల వయస్సులో కన్నుమూశాడు. గ్లెండేల్‌లోని సమాధిపై ఆయన పేరు చెక్కలేదు.

ఇక ఆ పోస్టర్ల సంగతి. ఆ కాలంలో వాటిని లితో పద్ధతిలో, రంగుకొక అచ్చు చొప్పున, దళసరి సిరాతో ముద్రించేవారు. మడతపెట్టి థియేటర్లకు పంపేవారు. ఆట మారగానే పోస్టరు మరో ఊరికి పోవాలి, లేదా తిరిగి పంపిణీదారుకు చేరాలి. లేనిచో దానిమీద ఇంకొకటి అంటించేవారు. ఎవరూ దానిని దాచుకునే వస్తువుగా తలచలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలపు కాగితపు సేకరణలో మిగిలినవి కూడ గుజ్జయిపోయాయి. చలి రాకుండా గోడపలకల వెనుక కూరినవి, మూతబడిన థియేటర్లలో మరచిపోయినవి మాత్రం ఎట్లాగో బ్రతికాయి. 1931 నాటి ఫ్రాంకెన్‌స్టయిన్ పోస్టరు ఒకటి లాంగ్ ఐలండ్‌లో పలకలు కొట్టి మూసివేసిన ఒక ప్రొజెక్టరు గదిలో 1970ల తొలినాళ్లలో దొరికింది. 2015లో దానికి 3,58,500 డాలర్లు వచ్చాయి.

1957 నుండి అమెరికా టెలివిజన్‌లో పాత భయానక చిత్రాలు ప్రసారం కాసాగాయి. 1958లో ఫారెస్ట్ ఆకర్మన్ సంపాదకత్వాన ఫేమస్ మాన్‌స్టర్స్ అనే పత్రిక వెలువడింది. ఆకర్మన్ బాల్యం నుండి చేనీ భక్తుడు. ఆ పత్రిక చదివిన పిల్లలే పెద్దవారై, వారిలో కొందరు ఈ కాగితాల కోసం పాత థియేటర్లు, అటకలు గాలించారు. ధనమున్నచోట దగా కూడ చేరుతుంది గనుక నకిలీలు కూడ వచ్చాయి. పాత కాగితంపై కొత్త అచ్చు వేసి అమ్మినవారున్నారు. నిజమైన సేకర్త కాగితపు నార, మడతల అరుగుదల, సిరా చుక్కలు భూతద్దంతో పరీక్షించి గాని కొనడు. చిరిగినదానిని గుడ్డపై అతికించి బాగుచేయవచ్చు. కాని మితిమీరి రంగులు దిద్దినచో విలువ తగ్గిపోతుంది.

లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్ చివరి ప్రతి 1965లో కల్వర్ సిటీలోని సంస్థ భాండాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో దగ్ధమైంది. నైట్రేట్ ఫిలిం నిప్పు తగిలితే నీటిలో కూడ మండుతుంది. 2002లో మిగిలిన ఛాయాచిత్రాలను వరుసగా కూర్చి, ఒక టెలివిజన్ సంస్థ ఆ కథను రమారమి ముప్పావు గంట చిత్రంగా చూపించింది. ఈ దుఃఖం అమెరికా వారిది మాత్రమే అనుకోరాదు. మన దేశపు తొలి టాకీ ఆలం ఆరా 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో విడుదలై హిందుస్తానీ మాటలు, పాటలు తెరపై వినిపించింది. దాని ప్రతి కూడ నేడు ఎక్కడా లేదు. మిగిలినవి కొన్ని ఛాయాచిత్రాలు, ప్రచార పత్రాలు.

చేనీ మరణానంతరం బ్రౌనింగ్ 1931లో బెలా లుగోసీతో డ్రాకులా తీశాడు. దాని పోస్టరు 2017లో 5,25,800 డాలర్లకు అమ్ముడై, చేనీ పోస్టరు రికార్డును దాటింది. కుమారుడు క్రైటన్ నటుడు కావడం తండ్రికి ఇష్టం లేదు. వ్యాపార విద్య చదివించాడు. తండ్రి పోయిన తరువాతనే అతడు సినిమాలలో అడుగుపెట్టాడు. 1935 నుండి నిర్మాతల ఒత్తిడిపై తండ్రి పేరునే తన పేరుగా లాన్ చేనీ జూనియర్ అని వేయించుకున్నాడు. ఆకలి వలన ఆ పేరు పెట్టుకోవలసి వచ్చిందని అతనికి ఎప్పుడూ మనసులో కొరతగానే ఉండేదట. 1941లో వచ్చిన ది ఉల్ఫ్ మాన్ పోస్టరుపై ఆ పేరే ఉన్నది. ఆ పోస్టరు కోసం కూడ సేకర్తలు వెదకుతూనే ఉన్నారు.