లెక్కల మాస్టారు లైబ్రరీకి వెళ్తే...

ఆన్‌లైన్‌లో ఫోన్ కొనాలనుకున్నారు. బ్రాండ్, ధర, ర్యామ్, బ్యాటరీ అంటూ పక్కన టిక్కులు పెట్టుకుంటూ పోతే వేల ఫోన్లు కాస్తా పదికి తగ్గిపోతాయి. జాబ్ పోర్టల్‌లోనూ అంతే. ఊరు, అనుభవం, స్కిల్, జీతం ఎంచుకుంటే మనకు పనికొచ్చేవే మిగులుతాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని ఫేసెటెడ్ సెర్చ్ అంటారు. ఒక విషయాన్ని ఇలా ముఖాలు ముఖాలుగా విడదీసి చూడొచ్చన్న ఆలోచనను ఒక పద్ధతిగా నిలబెట్టింది మాత్రం సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ కాదు, మద్రాసులోని ఒక లైబ్రేరియన్. అదీ కంప్యూటర్లు ఇంకా రాని 1933లో.

ఆయన పేరు ఎస్.ఆర్.రంగనాథన్. ఏటా ఆగస్టు 12న మన దేశంలో లైబ్రేరియన్ల దినోత్సవం జరిపేది ఆయన పేరు మీదే. తమాషా ఏంటంటే ఆయనకు లైబ్రేరియన్ కావాలని ఏ కోశానా లేదు. చేరిన కొన్ని వారాలకే ఉద్యోగం మానేద్దామనుకున్నారు. కోర్ బ్రాంచ్ చదివి ఇంకేదో ఉద్యోగంలో పడ్డవాళ్లు, పడాల్సి వస్తుందేమోనని భయపడుతున్నవాళ్లు మనలో ఎంతోమంది. అందుకే ఈ కథ మనకు దగ్గరగా ఉంటుంది.

జీతం కోసమే దరఖాస్తు

రంగనాథన్ 1892లో అప్పటి తంజావూరు జిల్లాలోని శీర్కాళిలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో మ్యాథ్స్‌లో బీఏ, ఎంఏ చేశారు. ఆయనకు నత్తి ఉండేది. అయినా టీచర్ కావాలనే కోరుకున్నారు. టీచర్ ట్రైనింగ్ చేసి, మాట మీద పట్టు తెచ్చుకుని, 1917 నుంచి మంగళూరు, కోయంబత్తూరు ప్రభుత్వ కాలేజీల్లో, ఆ తర్వాత మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పారు. పాఠం చెప్పడమంటే ఆయనకు ప్రాణం. జీతమే చాలేది కాదు.

1923లో మద్రాస్ యూనివర్సిటీ లైబ్రేరియన్ పోస్టు పెట్టింది. జీతం బాగుంది. వందల్లో దరఖాస్తులు వచ్చాయి. వాళ్లెవరూ లైబ్రరీ పని నేర్చుకుని వచ్చినవాళ్లు కాదు. నేర్పే చోటు ఉంటే కదా! రంగనాథన్ కూడా తోటివాళ్ల ప్రోద్బలం మీద దరఖాస్తు పెట్టారు. ఇంటర్వ్యూకి ముందు బ్రిటానికా ఎన్‌సైక్లోపీడియాలో లైబ్రరీల మీద ఉన్న వ్యాసం చదివి వెళ్లారు. ఆయన ప్రిపరేషన్ అంతే. ఉద్యోగం వచ్చింది.

1924 జనవరిలో చేరారు. చేరాక తెలిసింది అసలు సంగతి. రోజంతా క్లాసులో పిల్లల మధ్య ఉండే మనిషికి అక్కడ పలకరించే దిక్కు లేదు. ఉన్న పుస్తకాలే తక్కువ, వాటి కోసం వచ్చేవాళ్లు ఇంకా తక్కువ. ఖాళీగా కూర్చుని జీతం తీసుకోవడం ఆయన వల్ల కాలేదు. కొన్ని వారాలకే ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లి నా పాత ఉద్యోగం నాకిచ్చేయండని అడిగారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ముందు లండన్ వెళ్లి ఈ పని నేర్చుకుని రావాలి. అప్పటికీ నచ్చకపోతే పాత పోస్టు ఎటూ ఉంటుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. నచ్చకపోయినా అదే ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడమని ఈ కథ చెప్పడం లేదు. వెనక్కి వెళ్లే దారి ఉంచుకునే ఆయన ముందుకు వెళ్లారు. కాకపోతే ఆ పని ఏమిటో పూర్తిగా తెలుసుకోకుండా అది పనికిమాలినదని తేల్చలేదు.

లండన్‌లో బొమ్మల కొట్టు

యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లోని స్కూల్ ఆఫ్ లైబ్రేరియన్‌షిప్‌లో చేరారు. అక్కడ పాఠాలు చెప్పిన డబ్ల్యూ.సి.బెర్విక్ సేయర్స్ క్రాయిడన్ పబ్లిక్ లైబ్రరీని నడిపే మనిషి. ఆయన ప్రోత్సాహంతో రంగనాథన్ ఇంగ్లండ్‌లో చాలా లైబ్రరీలు తిరిగి చూశారు. పిల్లలు, కార్మికులు, గృహిణులు అందరూ వచ్చి పుస్తకాలు తీసుకెళ్తున్నారు. లైబ్రరీ అంటే పుస్తకాలకు కాపలా కాదని, ఊరంతటికీ చదువు చెప్పే చోటని ఆయనకు అక్కడే అర్థమైంది.

ఇంకోటి కూడా గమనించారు. ఏ లైబ్రరీ పద్ధతి దానిదే. ఎందుకలా చేస్తున్నారని అడిగితే అలవాటు అన్నదే జవాబు. వీటన్నిటి వెనకా ఉండాల్సిన సూత్రాలేవీ? లెక్కల మాస్టారి బుర్రకు పని దొరికింది.

అప్పటికే ఎక్కువ లైబ్రరీలు వాడుతున్నది అమెరికన్ మెల్విల్ డ్యూయీ 1876లో తెచ్చిన దశాంశ పద్ధతి. జ్ఞానం మొత్తాన్ని పది పెద్ద గదులుగా, ఒక్కో గదిని మళ్లీ పదిగా విడగొట్టి ముందే నంబర్లు ఇచ్చేశారు. 500 సైన్స్, 510 గణితం, ఇలా. మన కాలేజీ లైబ్రరీల్లో పుస్తకం వీపు మీద కనిపించే నంబరు చాలావరకు ఇదే. దీంతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, గదులు కట్టినవాళ్ల ప్రపంచమే అందులో పెద్దదిగా కనిపిస్తుంది. ఇంగ్లిష్ సాహిత్యానికి 820 అని గుండ్రటి నంబరు దక్కితే, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఓ మూల సర్దుకుంది. రెండోది ఇంకా పెద్ద చిక్కు. ఒక పుస్తకం రెండు మూడు విషయాలను కలిపి మాట్లాడితే దాన్ని ఏ గదిలో పెట్టాలి?

మీ ల్యాప్‌టాప్‌లోనే చూడండి. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌ను కంపెనీ పేరున్న ఫోల్డర్‌లో పెట్టారా, సర్టిఫికెట్ల ఫోల్డర్‌లోనా, మూడో ఏడాది ఫోల్డర్‌లోనా? సరిగ్గా అప్లికేషన్ పెట్టే రోజే అది దొరకదు.

దీనికి విరుగుడు రంగనాథన్‌కు లండన్‌లోని సెల్ఫ్‌రిడ్జెస్ అనే పెద్ద కొట్టులో దొరికింది. అక్కడ ఒక సేల్స్‌మన్ మెకానో బొమ్మల సెట్టు చూపిస్తున్నాడు. అవే రేకు ముక్కలు, అవే నట్లు, బోల్టులు. విప్పి బిగిస్తే ఒకసారి ఒక బొమ్మ, ఇంకోసారి మరో బొమ్మ. ప్రతి పుస్తకానికీ ముందే ఒక గది కట్టే బదులు, ముక్కలు మాత్రమే తయారుచేసి ఉంచి, పుస్తకం వచ్చాక వాటిని బిగించుకుంటే?

నంబరే వాక్యం

1925లో తిరిగొచ్చారు. పాత ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు. 1933లో ఆయన కోలన్ క్లాసిఫికేషన్ పుస్తకంగా వచ్చింది. మొదట్లో ముక్కల్ని కలిపే బోల్టు కోలన్ గుర్తు ఒక్కటే. అందుకే ఆ పేరు.

ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. 1950లో ఇండియాలో ఊపిరితిత్తుల క్షయకు ఎక్స్‌రేతో చేసే చికిత్సపై పరిశోధన గురించి ఒక పుస్తకం ఉందనుకోండి. వైద్యానికి ఎల్ అనే అక్షరం, ఊపిరితిత్తులకు 45, క్షయకు 421, చికిత్సకు 6, ఎక్స్‌రేకు 253, ఇండియాకు 44. పరిశోధనకూ కాలానికీ వాటి గుర్తులు వాటికున్నాయి. అన్నీ వరసగా బిగిస్తే వచ్చే నంబరు ఓ వాక్యంలా పుస్తకం సంగతంతా చెప్పేస్తుంది. రేపు ఇదే పరిశోధన ఇంకో దేశంలో జరిగితే 44 తీసి ఆ దేశం నంబరు పెడితే చాలు. కొత్త గది కట్టక్కర్లేదు. ఏ విషయాన్నైనా పర్సనాలిటీ, మ్యాటర్, ఎనర్జీ, స్పేస్, టైమ్ అనే ఐదు ముఖాల నుంచి చూడొచ్చని ఆయన తర్వాత తేల్చారు.

నిజం చెప్పాలంటే ఈ నంబర్లు సామాన్యులకు కొరుకుడు పడలేదు. మన దేశంలోనే ఎక్కువ లైబ్రరీలు ఇప్పటికీ డ్యూయీ పద్ధతిలోనే ఉన్నాయి. నంబర్లు గెలవలేదు గానీ ఆలోచన గెలిచింది. 1950ల్లో లండన్‌లోని క్లాసిఫికేషన్ రీసెర్చ్ గ్రూప్ దాన్ని అందిపుచ్చుకుంది. ఇవాళ షాపింగ్ సైట్లలో మనం పెట్టే టిక్కుల వెనక ఉన్నదీ ఆ ఆలోచనే.

ఐదు సూత్రాలు

1931లో వచ్చిన ఫైవ్ లాస్ ఆఫ్ లైబ్రరీ సైన్స్ ఆయన పుస్తకాల్లో అందరికీ తెలిసినది. అందులోని సారాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇదీ:

మొదటిది, పుస్తకాలున్నది దాచడానికి కాదు, వాడటానికి. రెండోది, వచ్చిన ప్రతి ఒక్కరికీ కావాల్సిన పుస్తకం దొరకాలి. మూడోది, ప్రతి పుస్తకానికీ ఎక్కడో ఒక పాఠకుడుంటాడు, ఇద్దరినీ కలపాలి. నాలుగోది, పాఠకుడి టైమ్ వేస్ట్ చేయకూడదు. ఐదోది, లైబ్రరీ పెరుగుతూనే ఉండే ప్రాణి, దానికి తగ్గట్టే దాన్ని కట్టాలి.

చదివితే ఇంతేనా అనిపిస్తుంది. అమలు చేస్తే తెలుస్తుంది. చీటీ రాసిచ్చి అటెండర్ తెచ్చేదాకా కూర్చునే రోజుల్లో ఆయన పాఠకుల్ని నేరుగా అరల దగ్గరికి వెళ్లనిచ్చారు. లైబ్రరీ తెరిచి ఉంచే వేళలు పెంచారు. వెతుక్కోవడం రానివాళ్లకు సాయం చేయడానికి రెఫరెన్స్ సిబ్బందిని పెట్టారు. 1944 దాకా, అంటే 20 ఏళ్లు అదే సీట్లో ఉన్నారు.

ఊరికి చేరాలి

లైబ్రరీ దాకా రాలేని వాళ్ల మాటేమిటి? 1931లో తంజావూరు ప్రాంతంలోని మన్నార్‌గుడి దగ్గర ఎడ్లబండి మీద పుస్తకాలు పల్లెలకు వెళ్లాయి. ఆ ప్రయత్నం వెనక ఆయన స్ఫూర్తి ఉంది. బళ్లతోనే సరిపోదు, లైబ్రరీలకు చట్టం అండ, నిలకడైన ఆదాయం ఉండాలని ఆయన ఏళ్ల తరబడి పోరాడారు. 1948లో మద్రాస్ పబ్లిక్ లైబ్రరీస్ యాక్ట్ వచ్చింది. ఆస్తి పన్నుతోపాటు లైబ్రరీ సెస్ వసూలు చేసే ఏర్పాటు అందులో ఉంది.

అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కాబట్టి ఆ చట్టం మనకూ వర్తించింది. తెలంగాణ ప్రాంతానికి 1955లో హైదరాబాద్ చట్టం, ఆ తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చాయి. జిల్లా గ్రంథాలయ సంస్థలు నడిచేది దాంతోనే. చట్టాలు రాకముందే మనవాళ్లు ఊరూరా చందాలేసుకుని గ్రంథాలయాలు పెట్టారన్నదీ మర్చిపోకూడదు. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్ల చొరవతో 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అప్పటికి రంగనాథన్ ఇంకా విద్యార్థి. ఇవాళ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లు కూర్చున్న కుర్చీ వెనక ఇంత కథ ఉంది.

గూగుల్ ఉండగా లైబ్రరీ ఎందుకు?

సెర్చ్ బాక్స్ ప్రధానంగా పదాల్ని పట్టుకుంటుంది. జావా అని కొడితే ప్రోగ్రామింగ్ భాషా వస్తుంది, ఇండోనేషియా దీవీ వస్తుంది. లైబ్రరీ కేటలాగ్ అర్థాల్ని పట్టుకుంటుంది. శ్రీశ్రీ అని వెతికినా, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికినా ఒకే మనిషి పుస్తకాలు రావాలంటే, ఆ ఇద్దరూ ఒకరేనని ఎవరో ఒకరు ముందు రాసిపెట్టాలి. లైబ్రేరియన్లు ఎప్పటి నుంచో చేస్తున్న పని ఇదే. దానికి ఇప్పటి పేరు మెటాడేటా. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు నెట్‌లో ఎన్నో ఉన్నాయి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో తప్పుగా ఎక్కించిన పుస్తకం ఉన్నా లేనట్టే. మూడో సూత్రం అక్కడ ఫెయిలైంది.

మిగతా సూత్రాలనూ ఇలాగే సరిచూడొచ్చు. కాలేజీ డబ్బు కట్టి తెప్పించే ఈ-జర్నల్స్ లాగిన్ విద్యార్థులకు తెలియకపోతే, పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసినట్టే. ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ లాంటివి ఫోన్‌లోనే తెరుచుకుంటాయి. ఫైనలియర్ ప్రాజెక్టుకు మనలో ఎంతమంది వాటిని చూస్తున్నాం?

ఉద్యోగాల సంగతికొస్తే, బీఎల్ఐఎస్సీ, ఎంఎల్ఐఎస్సీ కోర్సులు, యూజీసీ నెట్‌లో లైబ్రరీ అండ్ ఇన్ఫర్మేషన్ సైన్స్ సబ్జెక్టు ఒక దారి. కోహా లాంటి ఓపెన్ సోర్స్ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ మీద పట్టుంటే ఇంకాస్త బలం. రెండో దారి కంపెనీల వైపు. డేటా కేటలాగ్‌లు, ప్రొడక్టుల వర్గీకరణ, సెర్చ్ రిజల్ట్స్ మెరుగుపరచడం, ఏఐ చాట్‌బాట్ సరైన డాక్యుమెంట్ చూసి జవాబిచ్చేలా సమాచారాన్ని సర్దడం. వీటికి కోడింగ్ ఎంత అవసరమో, దేన్ని దేని పక్కన పెట్టాలో తెలియడం అంతే అవసరం.

చివరిదాకా అదే పని

మద్రాసు తర్వాత రంగనాథన్ బెనారస్, ఢిల్లీ యూనివర్సిటీల్లో పనిచేశారు. 1957లో పద్మశ్రీ వచ్చింది. 70 ఏళ్ల వయసులో, 1962లో, బెంగళూరులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కింద డాక్యుమెంటేషన్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్‌ను మొదలుపెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఎక్కువ జీతం కోసం లైబ్రరీకి వచ్చిన ఆ మనిషే తర్వాత తన పొదుపు సొమ్మును మద్రాస్ యూనివర్సిటీలో లైబ్రరీ సైన్స్ ప్రొఫెసర్ పోస్టు కోసం ఇచ్చేశారు. దానికి భార్య శారద పేరు కూడా కలిపారు. 1972 సెప్టెంబరు 27న బెంగళూరులో కన్నుమూశారు.

లెక్కల్ని ఆయన వదిలేశారా? లేదు. 1967లో శ్రీనివాస రామానుజన్ మీద పుస్తకం రాశారు. అసలు ఐదు సూత్రాల నుంచి మిగతా నియమాలన్నీ రాబట్టడం, విషయాన్ని ముక్కలుగా విప్పి మళ్లీ కలపడం, ఇవన్నీ లెక్కల మాస్టారు చేసే పనులే. చదివిన చదువును గుమ్మం బయట వదిలి కొత్త ఉద్యోగంలోకి వెళ్లలేదాయన. దాన్ని వెంట తీసుకెళ్లారు. మెకానికల్ చదివి టెస్టింగ్‌లో చేరినా, బీఎస్సీ బోటనీ చేసి డేటా ఎంట్రీలో కుదిరినా, మొదటి నెలలో వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. నేను నేర్చుకున్నదాంట్లో ఇక్కడ ఇంకా ఎవరూ వాడనిది ఏముంది?

ఈ వారం వీలు చూసుకుని మీ కాలేజీ లైబ్రరీకి వెళ్లండి. మీ సబ్జెక్టు పుస్తకం వీపు మీది నంబరు చూడండి. అదే నంబరున్న అరలో పక్క పుస్తకాలు తిరగేయండి. సెర్చ్ బాక్స్‌లో ఏమని కొట్టాలో కూడా మీకు తెలియని పుస్తకం అక్కడ ఒకటైనా దొరుకుతుంది.