ఆపిలు పుట్టినింటిని గాంచిన వావిలోవ్

1891 లో రష్యా దేశమున గొప్ప కరవు సంభవించి లక్షలకొలది జనులు మడిసిరి. అప్పటికి నికొలాయ్ వావిలోవ్ నాలుగేండ్ల బాలుడు. అతని తండ్రి మాస్కో నగరమున వర్తకుడు. తండ్రి కుమారుని వాణిజ్య పాఠశాలకు బంపెను గాని, అతడు వ్యవసాయ విద్యనే కోరి యభ్యసించెను. 1913 లో ఇంగ్లండున కేగి, బేట్సన్ పండితునియొద్ద వంశపారంపర్య లక్షణముల శాస్త్రము నేర్చెను. పిమ్మట సరాతోవ్ నగరమున ఆచార్యుడై, 1921 లో పెట్రోగ్రాడునందలి వృక్షపరిశోధన సంస్థకు అధిపతి యయ్యెను. ఆ నగరమే తరువాత లెనిన్‌గ్రాడ్ అని పిలువబడెను.

ఏ పంట ఎచ్చట మిక్కిలి వైవిధ్యముతో గానవచ్చునో అచ్చటనే అది పుట్టినదని వావిలోవ్ తలచెను. ఈ సూత్రమును తరువాతివారు కొంత సవరించిరి గాని, ఆపిలు విషయమున అది చక్కగా సరిపోయినది.

1929 లో అతడు తియాన్షాన్ పర్వతములను దాటి ఆల్మాఆటా నగరము చేరెను. ఆపిళ్ళ తండ్రి యని ఆ పేరునకు జనులు అర్థము చెప్పుదురు. చుట్టునున్న కొండచరియలపై అడవి ఆపిలు చెట్లు దట్టముగా నుండెను. ఒక చెట్టు పండ్లు గోలీలంత చిన్నవి; ప్రక్కచెట్టువి తోటపండ్లకు తీసిపోనివి. ఒకటి పసుపు, ఒకటి ఎఱుపు. ఒకటి తీపి, వేఱొకటి నోట పెట్టరాని వగరు. ఆపిలు జన్మస్థానము ఇదియే యని అతడు గ్రహించెను. 2010 లో శాస్త్రజ్ఞులు ఆపిలు జన్యువులను పరిశీలింపగా, తోట ఆపిలునకు ముఖ్యమైన పూర్వజము ఈ కొండచెట్టే యని తేలెను.

ఇంతటి వైవిధ్యమునకు కారణము కలదు. ఆపిలు పువ్వు సాధారణముగా తన పుప్పొడితో తాను ఫలింపదు. తేనెటీగలు వేఱొక చెట్టు పుప్పొడిని తేవలెను. అందుచే ప్రతి విత్తనమునందును రెండు చెట్ల గుణములు క్రొత్తగా కలియును. లోయల నడుమ ఎత్తైన కొండలు అడ్డముగా నుండుటచే, ఒక లోయలోని చెట్ల గుంపు వేఱొక లోయలోని గుంపుకంటె కొంత భిన్నముగా నుండును. తోటలోని సంగతి వేఱు. రైతు మంచి చెట్టు కొమ్మ తెచ్చి అంటు కట్టును. అట్టి చెట్లు వేయి యున్నను గుణమున ఒక్క చెట్టే. ఒకదానికి సోకిన తెగులు అన్నింటికిని సోకును.

వావిలోవ్ ఆఫ్ఘనిస్థానము, ఇథియోపియా మొదలగు అనేక దేశములు తిరిగి, లక్షకు పైగా విత్తన నమూనాలు సమకూర్చెను. ఇంతలో వంశపారంపర్య శాస్త్రమునే నిరాకరించిన లైసెంకోకు స్టాలిన్ అండ లభించెను. వావిలోవ్ తన మతమును విడువలేదు. 1940 లో ఉక్రెయినున మొక్కలు సేకరించుచుండగా అతనిని నిర్బంధించిరి. 1941 లో మరణశిక్ష విధించి, తరువాత దానిని ఇరువది యేండ్ల చెఱగా మార్చిరి. లెనిన్‌గ్రాడును శత్రుసేనలు ముట్టడించినపుడు, సంస్థలోని ఉద్యోగులు కొందఱు విత్తనముల నడుమనే యుండి, వానిని ముట్టక ఆకలితో అసువులు బాసిరి. వావిలోవ్ సయితము 1943 జనవరిలో, తాను పాఠములు చెప్పిన సరాతోవ్ నగరపు చెఱసాలలోనే కృశించి మరణించెను. 1955 లో ప్రభుత్వము అతడు నిర్దోషి యని ప్రకటించెను.

నగరము పెరిగిన కొలది ఆ ఆపిలు అడవులు చాలవఱకు నశించెను. 1989 మొదలు 1996 వఱకు అమెరికా శాస్త్రజ్ఞులు పలుమార్లు వచ్చి, మిగిలిన చెట్ల విత్తనములు గొనిపోయి, న్యూయార్కు రాష్ట్రమునందలి జెనీవాలో నాటిరి. అట్లు మొలచిన చెట్లలో కొన్ని, తోటలను పీడించు మచ్చతెగులునకు లొంగలేదు.